బొట్టు పెట్టిన స్టెప్నీ

కారులో స్టెప్నీ డిక్కీలో చాప కింద హాయిగా పడుకుంటుంది. పికప్ ట్రక్కులో దానికి ఆ భోగం లేదు. వెనక తొట్టి అడుగున, రోడ్డుకి కాస్త ఎత్తులో, ఒక ఇనుప తీగకి వేలాడుతూ బతుకుతుంది. కెనడాలో, మేముండే విన్నిపెగ్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పూ ఇసుకా, కరిగిన మంచూ కలిసిన బురద ముందు చక్రాల నుంచి లేచి తిన్నగా దాన్నే కొడుతుంది. తీగ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన తీగ ఏదో ఒకరోజు తెగుతుంది. అప్పుడు టైరు మనతో చెప్పకుండా వెళ్ళిపోతుంది.

నాది అలాగే వెళ్ళిపోయిందని మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే పిల్లలకీ, వాళ్ళ స్నేహితులకీ చెప్పాను.

"హైవే మీద తెగిందర్రా. మానిటోబా నేల ఎంత చదునో తెలుసుగా, ఆపడానికి చిన్న మిట్ట కూడా లేదు. తూర్పు గాలి తోసింది. దొర్లుతూ దొర్లుతూ పోయింది. వారం తర్వాత పక్క రాష్ట్రంలోని రెజైనా నుంచి ఎవరో పెద్దమనిషి ఫోన్ చేశాడు. 'మీ టైరు మా పెరట్లోకొచ్చి పడుకుంది, దానికి తిండేం పెట్టమంటారు?' అని."

పిల్లలు నవ్వారు. ఒకడు మాత్రం కాస్త అనుమానంగా, "పెరట్లోకి గేటు తీసుకుని వెళ్ళిందా అంకుల్?" అన్నాడు. వాడు బాగుపడతాడనుకున్నాను.

నిజానికి ఆ టైరు ఎక్కడికీ పోలేదు. పోనివ్వలేదు నేను. చెప్పదలుచుకున్నది ఆ సంగతే.

ట్రక్కు కొన్నది నేను. దానికి పూజ చేసింది మా ఆవిడ. ఆ ఏడు దసరాకి ఇంటి ముందు డ్రైవ్‌వేలో నిలబెట్టి, పట్టుచీర మీద లావుపాటి స్వెట్టర్ వేసుకుని, ఇంజనుకీ, స్టీరింగుకీ, నాలుగు చక్రాలకీ పసుపు కుంకుమలు పెట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఎదురింటి తెల్లాయన కుక్కని పట్టుకుని వెళ్తూ వెళ్తూ ఆగి చూశాడు. ఆ నిమ్మకాయలు బండి జారకుండా పెట్టామని నేను చెప్తే, చాలా తెలివైన ఏర్పాటని మెచ్చుకుని వెళ్ళాడు. ఆ చలికాలం ఆయన తన కారు కింద ఏవైనా పెడతాడేమోనని చాలా రోజులు చూశాను. పెట్టలేదు.

అంతా అయిందనుకున్నాను. ఆవిడ పళ్ళెం పట్టుకుని ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగి, "ఐదోది ఏదండీ?" అంది.

"ఐదోదేమిటి?"

"స్టెప్నీ. నాలుగింటికీ పెట్టి దాన్నొక్కదాన్నీ వదిలేస్తే ఎలా? రేపు ఆపదలో పనికొచ్చేది అదేగా."

"అది కింద వేలాడుతోంది. దింపాలి."

"దింపండి."

"చలేస్తోంది."

"నాకు వెయ్యట్లేదా?"

దింపాను. వెనక నంబరు ప్లేటు దగ్గర ఒక కన్నం ఉంటుంది. సీటు కింద దాచిన ఇనుప కడ్డీ ముక్కల్ని ఒకదానికొకటి తగిలించి ఆ కన్నంలోంచి దూర్చి తిప్పితే, నూతిలోకి చేద దిగినట్టు టైరు మెల్లగా దిగుతుంది. దిగాక, తీగ చివర ఉన్న ఇనుప బిళ్ళని ఏటవాలుగా వంచి చక్రం మధ్య కన్నంలోంచి లాగేయాలి. లాగాను. ఆవిడ ముంగాళ్ళ మీద కూర్చుంది. చలికి పసుపు గడ్డ కడుతోందని నువ్వుల నూనెలో రంగరించి, గాలి కొట్టే వాల్వు పక్కన, మధ్యవేలితో గుండ్రంగా పూసి, దాని మీద కుంకుమ అద్దింది. కొత్త టైరు, నల్లగా నిగనిగలాడుతోంది. దాని మీద ఆ బొట్టు నిజంగానే బాగుంది.

ఇక పైకి ఎక్కించాలి. వాల్వు కిందికి ఉండేలా బిగించమని మాన్యువల్‌లో బొమ్మ వేసి మరీ చెప్పారు. అలా ఉంటేనే కింద కూర్చుని అప్పుడప్పుడూ గాలి చూసుకోవచ్చు. నేను అలాగే పెట్టబోయాను.

"అదేంటి, బొట్టు పెట్టిన మొహాన్ని రోడ్డు కేసి తిప్పుతారా? ఊరి బురదంతా దాని మీద పడాలా?"

"మాన్యువల్‌లో..."

"మాన్యువల్ రాసినాయన బొట్టు పెట్టాడా?"

పెట్టలేదు. అందుకని తిరగేసి, బొట్టు ఆకాశం వైపు ఉండేలా బిగించాను. కాస్త వదులుగానే కూర్చుంది. కడ్డీతో ఇంకో నాలుగు చుట్లు తిప్పాను. మర్నాడు ఆవిడ రెండు బియ్యం సంచులు విప్పి, కలిపి కుట్టి, మధ్యలో తీగకి కన్నం వదిలి, అంచుకి నైలాను బొందు ఎక్కించి టైరుకి తొడుగు చేసింది. స్టెప్నీకి లంగా కుట్టిన మొదటి మనిషివి నువ్వేనన్నాను. మళ్ళీ దింపి, తొడిగి, బొందు లాగి ముడేసి, ఎక్కించాం. ట్రక్కు కింద నుంచి చూస్తే 'సోనా మసూరి' అన్న అక్షరాలు తలకిందులుగా కనిపించేవి.

ఆ చలికాలం వెళ్ళాక మా ఆవిడకి ఒటావా పక్కన కనాటాలో ఒక టెలికాం కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. ఆవిడ చదువుకి తగ్గ పని విన్నిపెగ్‌లో దొరకలేదు. నాది ఇక్కడ ఫర్నిచర్ గిడ్డంగిలో లారీల్లోకి సరుకు సర్ది పంపే పని, వదులుకుని వెళ్ళేంత చిన్నదీ కాదు, చెప్పుకునేంత పెద్దదీ కాదు. మాకు పిల్లల్లేరు. ఆరు నెలలే కదా అనుకున్నాం. ఎయిర్‌పోర్టులో లోపలికి వెళ్తూ, "పొయ్యి కట్టేశారో లేదో రెండుసార్లు చూసుకోండి. కరివేపాకు మొక్కకి నీళ్ళు పొయ్యండి. స్టెప్నీ జాగ్రత్త, నేనొచ్చి చూస్తాను," అంది. నవ్వుతూనే అంది.

కరివేపాకు మొక్క నెల తిరక్కుండా చచ్చిపోయింది. మిగిలింది స్టెప్నీ.

ఆరు నెలలు ఇంకో ఆరు నెలలయ్యాయి. ఆ తర్వాత ఎన్నని అడగడం మానేశాను. మొదట్లో ఇద్దరం వంట చేసుకుంటూ వీడియోలో మాట్లాడుకునేవాళ్ళం. ఆవిడ బెండకాయలు తరుగుతుంటే నేను ఇక్కడ దోమల గురించి చెప్పేవాణ్ణి, విన్నిపెగ్ దోమలు నాలుగు కలిస్తే ట్రక్కుని లేపి పట్టుకుంటాయి, టైరు మార్చడానికి జాకీ అక్కర్లేదు, అని. మొదట్లో నవ్వేది. ఒకరోజు కత్తి పక్కన పెట్టి, "మీతో మాట్లాడితే నిజం ఎక్కడుందో నేనే వెతుక్కోవాలండీ. ఆఫీసు నుంచి వచ్చాక నాకు ఆ ఓపిక ఉండట్లేదు," అంది. కోపంగా కూడా అనలేదు. తర్వాత ఫోన్లు ఆదివారానికి మారాయి. "తిన్నారా?" "తిన్నాను. నువ్వు?" "తిన్నాను." మంచు పడిందా అంటే పడిందనడం. అంతే.

బాధ అనను. చలిలో చేతికి తొడుగు లేకుండా నిలబడితే మొదట వేళ్ళు మండుతాయి, తర్వాత ఏమీ తెలియదు. ఆ ఏమీ తెలియని దగ్గర నాకు బాగానే ఉండేది. పనికి వెళ్ళేవాణ్ణి, వచ్చేవాణ్ణి. అన్నం వండుకునేవాణ్ణి. కుక్కర్‌ ఎన్ని కూతలు కూసిందో మర్చిపోయి ఇంకో కూత కోసం నిలబడేవాణ్ణి.

శ్రద్ధగా చేసిన పని ఒక్కటే. చలికాలం ముందు ట్రక్కు కిందికి దూరి, ఆ తీగకి కుంచెతో గ్రీజు పూసేవాణ్ణి. టైరుని రెండు చేతుల్తో పట్టి ఊపి, ఎంత వదులైందో చూసి బిగించేవాణ్ణి. పార్కింగ్ లాట్లలో స్టెప్నీలు కోసుకుపోతున్నారని ఎవరో అంటే, కడ్డీ దూర్చే కన్నానికి తాళం వేయించాను. బొందు వదులైతే ముడి బిగించేవాణ్ణి. కానీ తొడుగు ఎప్పుడూ విప్పలేదు. లోపల ఆవిడ పెట్టిన బొట్టు అలాగే ఉంది. అది చెరగనంత కాలం, వచ్చి చూస్తానన్న మాటా చెరగదు. ఇది ఎవరూ నాతో అన్నది కాదు, నాకు నేనే పెట్టుకున్న ఏర్పాటు. పైకి చెబితే నాకే నవ్వొస్తుంది. అందుకే రెజైనా కథ చెప్పేవాణ్ణి.

కరోనా తగ్గాక విన్నిపెగ్‌కి పిల్లలు దిగడం మొదలైంది. గుంటూరు నుంచి, కరీంనగర్ నుంచి, కడప నుంచి. విమానం దిగిన ప్రతివాడికీ ముందు ఒక పరుపు కావాలి, తర్వాత ఉద్యోగం కావాలి, ఆ తర్వాత ఇంకో ఇల్లు కావాలి. ఆ పరుపు ప్రతి ఇంటికీ నా ట్రక్కులోనే వెళ్ళేది. వాట్సాప్ గుంపుల్లో నన్ను 'ట్రక్ అంకుల్' అనేవాళ్ళు. ఒకే పరుపుని నలుగురు వేర్వేరు కుర్రాళ్ళ కోసం నాలుగు ఇళ్ళకి మోశాను. చివరికది నన్ను గుర్తుపట్టి తనంతట తనే ఎక్కి కూర్చునేదని చెప్తే, అప్పుడే దిగిన ఒక పిల్లవాడు తల ఊపాడు. వాడికి ఇంకా జెట్‌లాగ్ తీరలేదు.

పరుపు ఎత్తేటప్పుడు ఎవరో ఒకరు ట్రక్కు కిందికి తొంగిచూసేవారు.

"అంకుల్, మీ వెనక టైర్లు గుండు కొట్టించుకున్నట్టున్నాయి. కింద కొత్తది పెట్టుకుని వీటితో తిరుగుతారేంటి?"

"అది టైరు కాదురా. బియ్యం. కరువొస్తే తింటాం."

నిజమే, నాలుగు టైర్లూ అరిగిపోతున్నాయి. మారుస్తే స్టెప్నీ కూడా కలిపి మార్చుకోమని షాపులో అంటారేమోనని మార్చలేదు.

అలా అరిగిపోయినదే ఆ రోజు హైవే మీద పోయింది.

మా బేస్‌మెంట్‌లో ముగ్గురమ్మాయిలు ఉండేవారు. వాళ్ళలో కరీంనగర్ అమ్మాయి చదువు పూర్తి చేసింది. ఉద్యోగం కూడా దొరికింది. వర్క్ పర్మిట్ మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టి నెలలు గడుస్తున్నా రాలేదు. రూలు ప్రకారం రాకపోయినా పనిలో చేరొచ్చట. ఆ కంపెనీవాళ్ళు మాత్రం సోమవారంలోగా కాగితం చూడందే చేర్చుకోమన్నారు. అప్పట్లో పిల్లలందరికీ తెలిసిన దారి ఒకటుండేది. బోర్డరు దాకా వెళ్ళి, అవతల అమెరికా వాళ్ళ చేత "మీరు మాకు వద్దు" అనిపించుకుని, అక్కడే వెనక్కి తిరిగి, ఇవతల మన కౌంటర్లో పర్మిట్ చేతికి తీసుకోవడం. దీన్ని ఫ్లాగ్‌పోల్ చెయ్యడమనేవారు. వద్దనిపించుకోవడానికి ముందే పర్మిట్ ఫీజు కట్టి బయల్దేరే జనాన్ని నేను అక్కడే చూశాను.

శుక్రవారం పొద్దున ఆ అమ్మాయిని ఎక్కించుకుని ఎమర్సన్ బోర్డరుకి బయల్దేరాను. ఇలాంటి కేసులు కౌంటర్లో మధ్యాహ్నం వరకే చూస్తారని పిల్లల్లో మాట. మోరిస్ అనే ఊరు దాటాక రెండు వైపులా తెల్లటి చేలు, మధ్యలో నల్లటి రోడ్డు. వెనక కుడివైపు ఏదో గుచ్చుకుని టప్పుమంది. ట్రక్కు కుంటుతూ పక్కకి వచ్చి ఆగింది.

"ఏమైంది అంకుల్?"

"టైరు సొమ్మసిల్లింది."

"స్టెప్నీ ఉన్నది గదా?"

"లేదు. రెజైనాలో ఉంది. చెప్పాను కదా."

ఆ అమ్మాయి నా మొహం చూసి, తలుపు తీసుకుని దిగి, మోకాళ్ళ మీద కూర్చుని ట్రక్కు కిందికి చూసింది. గాలికి టోపీ ఎగిరిపోకుండా ఒక చెయ్యి తల మీద పెట్టుకుంది.

"అంకుల్, ఉన్నది. బియ్యం సంచిల ఉన్నది."

"అది వేరే."

"వేరే ఏంది? టైర్ కాదా?"

నేను రోడ్‌సైడ్ సర్వీసుకి ఫోన్ చేశాను. రెండు మూడు గంటలు పడుతుందన్నారు. సరేనన్నాను. నేను సరే అనడం ఆ అమ్మాయి వింది. లోపలికి వచ్చి కూర్చుంది, ఫైలు ఒళ్ళో పెట్టుకుంది. బతిమాలుతుందనుకున్నాను. బతిమాలితే ఇంకో కథ చెప్పి ఉండేవాణ్ణి.

"పోనీలెండి అంకుల్. వాళ్ళకు ఫోన్ చేసి చెప్త. ఇంకో జాబ్ చూస్కుంట."

ఎవరి సంగతో చెబుతున్నట్టుంది గొంతు. ఎత్తూ లేదు, పల్లమూ లేదు. ఆ గొంతు ఎక్కడో విన్నాననిపించింది. ఆదివారాలు నేను ఫోన్‌లో మాట్లాడే గొంతు అదే.

సీటు కింద కడ్డీ ముక్కలు తీసి దిగాను.

తాళం గడ్డ కట్టింది. నోటితో ఊదాను, అరచేత్తో పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి తిరిగింది. కడ్డీ దూర్చి తిప్పితే తీగ కొంచెం వదులైంది కానీ టైరు దిగలేదు. కిందికి దూరి చూశాను. తీగ కోసం సంచికి వదిలిన కన్నంలోంచి రోడ్డు నీళ్ళన్నీ లోపలికి చేరి, గిన్నెలో పోసినట్టు నిండి, గడ్డ కట్టేశాయి. మేము కాపాడదామని తొడిగిన సంచి టైరుని ఒక మంచుదిమ్మ చేసి ట్రక్కుకి అంటించింది.

"మీరు కొట్టుండ్రి, నేను తిప్పుత," అంది ఆ అమ్మాయి.

వెల్లకిలా పడుకుని నట్లు విప్పే పానాతో చుట్టూ కొట్టాను. మంచు ముక్కలు మెడలోకి జారాయి. పైనుంచి కడ్డీ కిర్రుమంటోంది. "వస్తున్నది అంకుల్, ఆపకుండ్రి!" అని అరుస్తోంది. ఒక్కసారిగా వదిలేసింది. నా భుజం పక్కనే దబ్బున పడింది. ఇంకాస్త ఇటు పడి ఉంటే ఈ కథ ఆ అమ్మాయి రాసేది.

బొందు ముడి వేళ్ళకి లొంగలేదు. పళ్ళు కోసుకునే చాకుతో తెంపాను. సంచి అట్టలా బిగుసుకుపోయింది, ఊడదీస్తే టైరు ఆకారంలోనే అలా నిలబడింది. దాన్ని తొట్టిలోకి విసిరాను.

పల్చటి మంచు పొర కింద బొట్టు ఉంది. నూనె పసుపు కదా, నీళ్ళు అంటలేదు. చుట్టూ వేలి గీతలు కూడా అలాగే ఉన్నాయి.

"అరె, స్టెప్నీకి బొట్టు పెట్టిండ్రా! ఆంటీనా?" ఆ అమ్మాయి వచ్చేటప్పటికే మా ఆవిడ కనాటాలో ఉంది. ఆంటీని ఫోన్‌లోనే చూసింది.

"ఆంటీయే."

"మరి ఇది ఉల్టా ఎందుకు పెట్టిండ్రు?"

"బొట్టు రోడ్డు వైపు ఉండకూడదని."

"గాలి ఎట్ల చూస్తున్నరు మరి?"

నేను చాకు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ అమ్మాయి బొటనవేలితో టైరుని నొక్కింది. లోపలికి పోయింది.

"చూడలే అన్నట్టు."

"మీ ఇంట్లో బండ్లకి బొట్టు పెట్టరా?"

"పెడ్తం అంకుల్. గాలి గూడ చూస్తం."

అదృష్టం ఏమిటంటే, అంతకు ముందురోజు ఎవరో కుర్రాడి సైకిలు మోస్తే, దాని పంపు తొట్టిలో మర్చిపోయాడు. సైకిలు పంపుతో ట్రక్కు టైరుకి గాలి కొట్టడం అంటే ఏమిటో చెప్పడానికి నాకు అబద్ధం అక్కర్లేదు. ఒకరి చేతులు పడిపోతే ఇంకొకరు కొట్టాం. ఆ అమ్మాయి జాకెట్ విప్పేసింది. దారిన పోయే లారీవాడు హారన్ కొట్టి చెయ్యి ఊపాడు. కాసేపటికి టైరుని మోకాలితో గుద్దితే మోకాలికి నొప్పి తెలిసేంత అయింది. చాలనుకున్నాం.

జాకీ ఎత్తి, పోయినది తీసి, ఇది బిగించాను. వాల్వు ఉన్న వైపే బయటికి వస్తుంది కాబట్టి బొట్టు బయటికే వచ్చింది. నట్లు బిగిస్తున్నంతసేపూ దాన్ని చూస్తూనే ఉన్నాను. లేచి, గ్లవ్ బాక్స్‌లోంచి ప్లాస్టర్ చుట్టా ఒక పాలిథిన్ సంచీ తెచ్చి, బొట్టు మీద అతికించబోయాను. చలికి ప్లాస్టర్ అంటుకోలేదు. ఆ అమ్మాయి ఏమీ అడగకుండా తన అరచేత్తో అదిమి పట్టుకుంది. తీస్తే మళ్ళీ లేచింది. ఇంకోసారి అదిమింది.

"టైమైతున్నది అంకుల్," అంది మెల్లగా.

పోనిచ్చాను. కొంత దూరం వెళ్ళాక అద్దంలో పాలిథిన్ సంచి తెల్లగా ఎగిరి చేలల్లోకి పోవడం కనిపించింది.

బోర్డరులో అంతా సవ్యంగానే జరిగింది. అమెరికా వాళ్ళు మమ్మల్నిద్దరినీ మర్యాదగా వద్దన్నారు. ఇవతల ఆ అమ్మాయి కౌంటరు లోపలికి వెళ్ళింది. నేను పార్కింగ్‌లో ట్రక్కు దగ్గర నిలబడ్డాను. కుడి వెనక టైరు నిండా ఉప్పుబురద, బూడిద రంగులో. చేతి తొడుగుతో వాల్వు పక్కన తుడిచాను. ఎర్రటిది కొంచెం తొడుగుకి అంటింది. టైరు మీద ఏమీ లేదు. ఇంకా తుడిచాను. నల్లటి రబ్బరు. ఏదో అనిపిస్తుందని కాసేపు ఎదురుచూశాను. చలి మాత్రమే తెలిసింది.

ఆ అమ్మాయి కాగితం పట్టుకుని బయటికి వచ్చింది. ఎగరలేదు, ఏడవలేదు. "ఇచ్చిండ్రు," అంది. కాగితం నాకు చూపించి, మళ్ళీ తనే చూసుకుంది. తర్వాత టైరు చూసింది. ఫైలు అడుగు నుంచి చిన్న పొట్లం తీసింది. ఇంటి దగ్గర గుడిలో పూజ చేయించి అమ్మ పంపిన కుంకుమట.

"నేను పెడ్త అంకుల్. ఆంటీకి తెల్వది."

నాకు తగిన ఉపాయమే. నాలాంటివాడు ఎగిరి గంతెయ్యాలి. ఆవిడ వచ్చి చూస్తే, బొట్టు చూపించి, హైవే మీద పోయిన టైరుని రెజైనా పంపేసి, ఒక మాంచి కథ అల్లేయొచ్చు.

"వద్దమ్మా," అన్నాను.

"ఎందుకు?"

"నీది నువ్వు పెట్టుకో."

పెట్టుకుంది. అద్దంలో చూసుకుని, వేలికి మిగిలినది నా ట్రక్కు డాష్‌బోర్డుకి రాసింది. వచ్చేటప్పుడు దారంతా నిద్రపోయింది.

ఇంటికి వచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. ట్రక్కు గరాజ్‌లో పెట్టి, తొట్టిలోంచి బియ్యం సంచి దింపాను. టైరు ఆకారంలోనే గుండ్రంగా నేల మీద నిలబడింది. లోపల టైరు లేకుండా అలా నిలబడితే ఎవరో లేచి వెళ్ళిన పీటలా ఉంది. దాని పక్కనే పెయింటు డబ్బా మీద కూర్చుని కనాటాకి ఫోన్ చేశాను. ఆదివారం కాదు కాబట్టి ఆవిడ కంగారుపడింది.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. స్టెప్నీ వాడాల్సి వచ్చింది. బొట్టు పోయింది."

"ఏ బొట్టు?"

"దసరాకి పెట్టావు కదా. స్టెప్నీకి. వచ్చి చూస్తానన్నావు."

"దసరాకి..." అని ఆగింది. గుర్తు చేసుకుంటోందని తెలిసింది.

"ఓ, అదా!" అంది. "ఇంకా ఉందా అది? ఇది కూడా మీ కథేనా?"

"కాదు."

"నిజంగా?"

"నిజంగానే." బేస్‌మెంట్ అమ్మాయి సంగతి, మోరిస్ దగ్గర ఆగడం, సంచిలో మంచు, సైకిలు పంపు, అన్నీ జరిగింది జరిగినట్టు చెప్పాను. దేన్నీ పెంచలేదు. నా గొంతుకే కొత్తగా ఉంది. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు.

"ఆ అమ్మాయి పనయిందా?"

"అయింది."

"మరింకేం. స్టెప్నీ ఉన్నది అందుకేగా."

"అందుకే."

"ఇన్నాళ్ళూ గాలి చూడకుండా తిరిగారా? ఏ ఘాట్‌రోడ్డులోనో అయి ఉంటే?"

"ఇక్కడ ఘాట్‌రోడ్లు లేవు."

చిన్నగా నవ్వింది. నవ్వి, ఆగి, "ఏవండీ, నన్ను ఇక్కడ పర్మనెంట్ చేశారు. ఆదివారం చెబుదామనుకున్నాను," అంది.

"మంచిదే."

"మంచిదే కదా?"

"మంచిదే. చాలా మంచిది."

"తిన్నారా?"

"తింటాను. నువ్వు?"

"తినాలి."

ఫోన్ పెట్టేశాను. గరాజ్ వెచ్చదనానికి సంచి అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ముందు ఒకవైపు వంగింది, తర్వాత రెండోవైపు. నేను చూస్తుండగానే మెత్తబడి, మడత పడి, నేలకి అంటుకుపోయింది. 'సోనా మసూరి' ఈసారి తిన్నగానే కనిపించింది.

శనివారం షాపుకెళ్ళి పోయిన టైరుకి అతుకు వేయించుకొచ్చాను. అది ఇప్పుడు స్టెప్నీ. ట్రక్కు కిందికి దూరి, తీగ బిళ్ళని చక్రం కన్నంలోంచి దూర్చి, కడ్డీ తిప్పి పైకి లాగాను. వాల్వు కిందికి పెట్టాను, మాన్యువల్‌లో బొమ్మ వేసినట్టే. ఈసారి గట్టిగా కూర్చుంది, చేత్తో ఊపితే కదల్లేదు. సంచి తొడగలేదు. గేజీ పెట్టి గాలి చూశాను. సరిగ్గానే ఉంది.

నేను కిందే ఉండగా బేస్‌మెంట్ మెట్ల మీద నుంచి కరీంనగర్ అమ్మాయి వంగి చూసింది.

"అంకుల్, రెజైనా నుంచి వచ్చిందా?"

"వచ్చింది," అన్నాను. "నడిచి వచ్చింది పాపం. కాళ్ళు నొప్పులంటోంది."

"టీ పెట్టాల్నా?"

"దానికా, నాకా?"

"ఇద్దరికి," అని లోపలికి వెళ్ళింది. చలికి మొద్దుబారిన వేళ్ళు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. గేజీ ఎక్కడ పెట్టానో కనిపించక, కాసేపు అలాగే పడుకుని టైరు అడుగు చూస్తూ ఉన్నాను.